లేని రోగానికి మందు

ఫ్రిజ్‌లో సూదుల డబ్బా లేదు.

రుక్కమ్మ పెరుగు గిన్నె పక్కకు జరిపి చూసింది. కూరగాయల అర లాగి చూసింది. నిన్న తన చేత్తోనే లోపల పెట్టిన తెల్ల అట్టపెట్టె అది. కోడలు ఉమారాణి పొట్ట మీద రోజూ పొద్దున పొడవాల్సిన సూదులు అందులో ఉన్నాయి. ఉమకిప్పుడు అయిదో నెల. ఇంతకుముందు రెండుసార్లూ అయిదో నెలలోనే కడుపు పోయింది. ఈసారి బిడ్డ నిలవాలంటే కాన్పు దగ్గరపడేదాకా ఒక్కరోజు కూడా సూది తప్పకూడదని డాక్టరమ్మ వేలు చూపించి మరీ చెప్పింది.

"డబ్బా ఏది రా?" అంది రుక్కమ్మ, వాకిలి వైపు తిరక్కుండానే. ఆ ఇంట్లో దాన్ని దాచే మనిషి ఎవరో ఆమెకు తెలుసు.

వాకిట్లో కొడుకు దశరథ్ ఆటో అద్దం తుడుస్తున్నాడు. మనూర్ లైన్‌లో తిప్పే ఆటో అది. ఈపాటికి బస్టాండు ముందు సీట్లు నింపుకుంటూ ఉండాల్సిన మనిషి, తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడుస్తూ నిలబడ్డాడు.

"నా తాన్నే ఉంది."

"ఇటు తే."

"తేను. గర్మి సూదులు నా ఇంట్ల పొడుచుడు ఇయ్యాల్టి నుంచి బంద్."

గర్మి అన్నా, సవాయి అన్నా, సుఖరోగమన్నా అంతా ఒకటే. పేరెత్తితే నలుగురూ మొహాలు పక్కకు తిప్పుకునే జబ్బు. నిజం చెప్పాలంటే ఆ మాటను ఇంట్లోకి తెచ్చింది దశరథ్ కాదు, సాక్షాత్తూ రుక్కమ్మే. మొన్నామధ్య ఒక ల్యాబ్‌లో ఉమ రక్తం చూపిస్తే ఒక పరీక్ష తేడాగా వచ్చింది. అది సుఖరోగాల పరీక్ష అని ల్యాబ్ అతను గొంతు తగ్గించి చెప్పాడు. ఆ తర్వాత ఖేడ్ సర్కారు దవాఖానలో డాక్టరమ్మ రోజూ సూదులు వేసుకొమ్మంది. రోజూ సూది అనేసరికి రుక్కమ్మకు ఇక ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. ఆమె వయసులో ఉన్నప్పుడు గర్మికి అట్లాగే, పొద్దుకొకటి చొప్పున, కాంపౌండర్ ఇంటికొచ్చి పొడిచేవాడు. ఆమెకు పొడిచాడు కాబట్టే ఆమెకు తెలుసు.

దాంతో కొడుకును పట్టుకుని దులిపేసింది. నువ్వే తెచ్చావు, పిల్లకు అంటించావు అంది. దశరథ్ ఒట్లు పెట్టుకున్నాడు, అరిచాడు, చివరికి జహీరాబాద్ పోయి తన రక్తం చూపించుకున్నాడు. ఏమీ లేదని నిన్న కాగితం చేతికొచ్చింది. తనకు లేకపోతే మరి పెళ్లానికి ఎక్కడిది? నిన్నటి నుంచి ఉమతో మాట లేదు. కోడలి పక్షాన మాట్లాడబోయి రుక్కమ్మ ఆమె కొంపే ముంచింది.

"సూడు, నీ కండ్లతోనే సూడు," అంటూ దశరథ్ జేబులోంచి మడత కాగితం తీశాడు. "నా రక్తంల ఏం లేదని రాసిచ్చిండ్రు."

"కాయితం పైసలిస్తే ఎట్లంటే గట్ల వస్తది."

"సొంత కొడుకు మీద గింత మాటనా, అవ్వ?"

"సొంత మొగని మీదనే వచ్చిన మాట గిది. ఈ ఇంటికి కొత్తదేం గాదు."

ఆ సొంత మొగుడు వాకిలికి అవతల బర్రెల కొట్టంలో ఉన్నాడు. పేడ ఎత్తుతున్నాడు. పేరు ఎల్లయ్య. పగలు అక్కడే, రాత్రి మంచమూ అక్కడే. దశరథ్ పుట్టిన ఏడాదే రుక్కమ్మ ఆయన మంచాన్ని కొట్టంలో వేయించింది. అప్పటి నుంచి ఆయన కంచం వేరు, చెంబు వేరు. కొడుకు ఎదిగినా, పెళ్లి చేసుకున్నా ఆ మంచం తిరిగి ఇంట్లోకి రాలేదు. ఎల్లయ్య ఎన్నడూ ఇదేమని అడగలేదు. మాటలు వినబడే దూరమే గానీ ఇప్పుడు కూడా తల ఎత్తలేదు.

ఉమ వంటింటి గడప మీద కూర్చుని కందిపప్పు చెరుగుతోంది. నాగల్‌గిద్ద పిల్ల, రుక్కమ్మ సొంత తమ్ముడి కూతురు. చేట చేతిలో ఉందన్న మాటే గానీ చాలాసేపటి నుంచి అది కదలడం లేదు.

"పొద్దుమీకి దీన్ని నాగల్‌గిద్దల దించొస్త," అన్నాడు దశరథ్, ఉమ వైపు చూడకుండా. "ఇగ మామనే సూస్కుంటడు."

"గక్కడ సూది మందు ఏడ దొరుకుతది? ఎవరేస్తరు?"

"నాకేం ఎరుక?"

"కడుపుల ఉన్నది నీ బిడ్డ కాదురా?"

దశరథ్ జవాబు చెప్పలేదు. ఆ మౌనం ఏమిటో ముగ్గురికీ అర్థమైంది. చేట పక్కన పెట్టి ఉమ లేచి నిలబడింది. నిన్నటి నుంచి మొగుడితో ఆమె ఆడిన మొదటి మాట అదే.

"సూది ఇయ్యి, బావ. ఏసుకున్నంక దించు."

దశరథ్ గుడ్డను పిండి, విదిల్చి, ఆటో కడ్డీ మీద ఆరేశాడు. డబ్బా మాత్రం తీయలేదు. రుక్కమ్మకు కొడుకును చెంప మీద కొట్టాలనిపించింది. కొట్టలేదు. కొట్టినంత మాత్రాన వాడు డబ్బా ఇచ్చే రకం కాదు.

"సరే, ఆటో తియ్యి," అంది. "దవాఖానకు పోదాం. గా డాక్టరమ్మ నోటితోనే విందాం. గర్మి అని అంటే నేనే సద్దిగట్టి మా తమ్మునింటికి తోలిస్త. డబ్బా గూడ తే."

దవాఖాన ముందు ఆటో ఆపి దశరథ్ డబ్బా తల్లి చేతిలో పెట్టాడు. లోపలికి మాత్రం రానన్నాడు. ఆడవాళ్ల వార్డులో తనకేం పని అని చాయ్ బండి వైపు వెళ్లాడు.

డాక్టర్ లిల్లీ జహీరాబాద్ మనిషి. పొట్టిగా ఉంటుంది, గబగబా మాట్లాడుతుంది, కోపం ముక్కు మీదే ఉంటుంది. బయట బెంచీల నిండా కడుపుతో ఉన్న ఆడవాళ్లు. సూది టైం దాటిపోయిందని తెలియగానే ముందు ఉమను బల్ల మీద కూర్చోబెట్టింది.

"నర్స్ చెప్తది, నువ్వే పొడుచుకో. ఒకళ్ల చేతికెల్లి చూసుకుంట కూసుంటే నీ పని గిట్లనే అయితది."

ఉమ పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టుకుంది. పెదవి కొరుక్కుంది. నర్స్ చెప్పినట్టే నిటారుగా దింపింది. రుక్కమ్మే మొహం పక్కకు తిప్పుకుంది.

"ఉన్నది ఉన్నట్టు చెప్పు, డాక్టరమ్మా," అంది రుక్కమ్మ. "గర్మి అయితే గర్మి అను. నాకు కొత్త గాదు."

"గర్మి కాదని ఉమకు అప్పుడే చెప్పిన గద."

ఉమ నేల వైపు చూసింది. "నేను చెప్పిన మేడమ్. ఎవ్వరూ నమ్మలే."

"రోజూ సూదులిస్తున్నరు మరి," అంది రుక్కమ్మ.

"రోజూ సూది అంటే గర్మి అని నీకెవరు చెప్పిండ్రు?"

"నాకు గట్లనే ఇచ్చిండ్రు."

డాక్టర్ రాస్తున్న పెన్ను ఆపింది. కుర్చీ చూపించింది. రుక్కమ్మ కూర్చోలేదు, నిలబడే చెప్పింది. దశరథ్ కంటే ముందు తనకు మూడుసార్లు కడుపు పోయింది. అయిదో నెల, ఆరో నెల, మళ్లీ అయిదో నెల. బీదర్ తీసుకుపోతే రక్తం చూసి గర్మి ఉందన్నారు. కాంపౌండర్ సూదులు పొడిచాడు. ఇద్దరిలో ఒకరి నుంచే ఇది వస్తుంది, ఎవరో తేల్చుకోండి అన్నాడు. పెద్దమనుషులు కూర్చున్నారు. ఎల్లయ్య తలొంచుకుని నాదే తప్పు అన్నాడు.

"ఆయనకు రక్తం చూసిండ్రా?"

"చూసుడెందుకు? ఒప్పుకుండు గద. మా అత్త ఎవన్నో నాటువైద్యున్ని తోల్కొచ్చి రసం మందు పెట్టిచ్చింది. పాదరసంతోని చేస్తరు గద, గది. నోరంత పుండ్లయి ఒక్కతీరుగ చొంగ కారేది. రోగం నీళ్లయి బయటకు పోతుందన్నడు వాడు. చిగుళ్లు మెత్తవడి పండ్లన్ని రాలిపోయినయి. మీసం గూడ సక్కగ రాని వయసు."

చెబుతున్నంతసేపూ రుక్కమ్మ గొంతులో జాలి లేదు. తప్పు చేసినవాడికి తగిన శాస్తి జరిగిందన్నట్టే చెప్పింది. ఇన్నేళ్లూ అట్లాగే అనుకుంది మరి. ఆ తర్వాత కడుపున పడ్డ దశరథ్ నిలిచాడు. పాదరసం పనిచేసిందని అత్త అందరికీ చెప్పుకుంది, సూదులు పనిచేశాయని రుక్కమ్మ నమ్మింది.

"నీ ఎడమ కాలు వాపు ఎప్పటి నుంచి?" అని అడిగింది డాక్టర్ ఉన్నట్టుండి.

రుక్కమ్మ చీర కుచ్చెళ్లు కిందికి లాక్కుంది. "దశరథ్ పుట్టిన బాలింతప్పుడు వాసింది. మల్ల తగ్గలే."

డాక్టర్ ఉమను చూసింది, రుక్కమ్మను చూసింది. "మీరిద్దరు చుట్టాలా?"

"నా తమ్ముని బిడ్డ."

"ఇటు కూసో అమ్మా. నిలవడితే నాకు చెప్పబుద్ధి కాదు."

ఈసారి రుక్కమ్మ కూర్చుంది.

"గర్మికి గిప్పుడు రోజూ సూదులు లేవు. జల్దీ పట్టుకుంటే ఒక్కసారి పిర్రకు పొడిస్తే అయిపోతది. పొట్టకు పొడిచే గీ సూది రక్తం గడ్డకట్టకుండ. ఉమ కడుపుల మాయకు పోయే రక్తం గడ్డకడ్తుంది. బిడ్డకు అందుతలేదు. రెండుసార్లు పోయింది అందుకే."

"మరి గా పరీక్షల గర్మి అని ఎందుకొచ్చె?"

డాక్టర్ బయట బెంచీల వైపు ఒకసారి చూసి, తలుపు దగ్గరికి వేయించింది. ఈ సంగతి సగం చెప్పి పంపితే మళ్లీ ఇదే లొల్లి అవుతుందని ఆమెకు అర్థమైనట్టుంది.

"గా పరీక్ష పుట్టి నూరేండ్లు దాటింది. అప్పట్ల గర్మితోని చచ్చిపుట్టిన పసిగుడ్డు కార్జం నూరి, దాని రసంతోని చేసేటోళ్లు. రోగం పురుగు అండ్ల ఉంటది గనుకనే పరీక్ష పనిచేస్తుందనుకున్నరు. కొన్నాళ్లకు ఏ రోగం లేని ఎద్దు గుండె రసంతోని చేసి చూసిండ్రు. అట్లనే వచ్చింది. అంటే ఏంది? పరీక్ష పురుగును చూస్తనే లేదు. గుండెల ఉండే ఒక తీరు కొవ్వు మీదికి మన రక్తం కొట్లాటకు పోతుందా లేదా అన్నదే చూస్తుంది. గర్మి వచ్చినోళ్ల రక్తం పోతది. మలేరియా, కుష్టు వచ్చినోళ్ల రక్తం గూడ ఒక్కోసారి పోతది. ఏ రోగం రాకున్నా, పుట్టుకతోని వచ్చిన గుణమో ఏమో, కొందరి రక్తం పోతది. ఉమది గట్లాంటి రక్తం."

"మరి డాక్టర్లకు గది ఎరుక లేకుండెనా?"

"అబద్ధం వస్తదని ఎరుకనే. గట్ల అబద్ధం వచ్చిన ఆడోళ్లకే కడుపులు నిలుస్తలేవు, రక్తం గడ్డకడ్తుంది అని రెండూ కలిపి చూసుకునేటాల్లకు మస్తు ఏండ్లు పట్టింది. గంతదాకా ఎన్ని సంసారాలు కూలినయో ఎవరు లెక్కపెట్టిండ్రు?" డాక్టర్ గొంతులో విసుగు ఎవరి మీదో తెలియలేదు. "గీ రోగంతోని ఎప్పుడూ గంతే. పాతకాలపు మన వైద్యులు దీన్ని ఫిరంగి రోగమన్నరు, ఓడలెక్కి వచ్చిన ఫిరంగోళ్లు తెచ్చిండ్రని. గా ఫిరంగోళ్ల దేశాల్ల ఒకడు పక్క దేశపోని పేరు పెట్టిండు, పక్కోడు ఇంకొకని పేరు పెట్టిండు. మాది అన్నోడు ఒక్కడు లేడు."

"మా ఇంట్ల ఒక్కడు ఉన్నడు," అంది రుక్కమ్మ మెల్లగా. "నాదే తప్పు అన్నడు."

"ఎందుకన్నడో ఆయన్నే అడుగు. నేను నీ రక్తం చూస్త."

వేలి కొసన గుచ్చి ఒక చిన్న ప్లాస్టిక్ కార్డు మీద చుక్క వేశారు. ఇది ఎద్దు గుండె పరీక్ష కాదని, రోగం పురుగు మీద ఒంట్లో పుట్టే గుర్తును నేరుగా పట్టుకుంటుందని డాక్టర్ చెప్పింది. గర్మి ఒకసారి వచ్చిపోతే, ఎన్ని సూదులు పొడిపించుకున్నా, చాలామందికి చచ్చేదాకా ఈ కార్డు మీద రెండో గీత పడుతూనే ఉంటుందట. అదే కార్డు ఉమకు ఇంతకుముందే వేశారు. ఆమెకు ఒక్క గీతే పడింది.

రుక్కమ్మ కార్డును కళ్లార్పకుండా చూసింది. ఒక గీత పడింది. రెండోది ఇప్పుడు పడుతుంది, ఇప్పుడు పడుతుంది అనుకుంది. నర్స్ ఇంకో ఇద్దరి బీపీ చూసి వచ్చింది. రెండో గీత పడలేదు.

"నీకు ఎన్నడూ రాలేదమ్మా. నాకైతే అనుమానం లేదు. మూడు కడుపులు పోయినయి, కాల్ల గూడ రక్తం గడ్డకట్టే వాసినట్టున్నది, నీది గూడ ఉమ లాంటి రక్తమే అనుకుంట. గట్లున్నా ఒక్కో కడుపు నిలుస్తది. నీ రక్తం హైదరాబాద్ పంపుదాం, గది గూడ తేలుతది."

సంతోషపడాల్సిన మాటే. రుక్కమ్మకు సంతోషం రాలేదు. కొట్టంలో మంచం, దాని పక్కన బోర్లించిన చెంబు కళ్ల ముందుకు వచ్చాయి. ఇంతకాలం ఆ మనిషికి గట్టి జొన్నరొట్టె వేసి, నమలలేక మజ్జిగలో నానబెట్టుకుంటుంటే, నానబెట్టుకోనీ అనుకున్నది తానే. ఒక్కరోజైనా మెత్తగా గటక కాచి పోయలేదు. ఆ మనిషి కాళ్ల మీద పడాలనిపించింది, అదీ అప్పటికప్పుడు.

బయట దశరథ్ ఆటోలో వెనక్కి వాలి కూర్చున్నాడు. చాయ్ కప్పు చేతిలోనే చల్లారిపోయింది. రుక్కమ్మ అంతా చెప్పింది. ఎద్దు గుండె సంగతి కొంచెం తికమకపడి చెప్పింది గానీ కార్డు సంగతి సరిగానే చెప్పింది.

"అవ్వ, కాయితం పైసలిస్తే ఎట్లంటే గట్ల వస్తదని నువ్వే అంటివి," అన్నాడు దశరథ్. "కార్డు గూడ గంతే కావచ్చు."

"నేను పైసలిచ్చినానురా?"

"ఒక్కటి చెప్పు. బాపు ఏం చెయ్యకుంటే పెద్దమనుషుల ముంగట ఎందుకు ఒప్పుకుండు? చెయ్యనోడు ఇన్నేండ్లు కొట్టంల పండుకుంటడా? పండ్లు ఊడేటట్టు మందు తింటడా? డాక్టరమ్మ ఎన్నన్న చెప్పనియ్యి. బాపు నోటితోని వింటే నమ్ముత."

రుక్కమ్మకూ అదే తెలుసుకోవాలని ఉంది.

ఆటో ఇంటి దారి పట్టింది. ఉమ డబ్బాను ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది. గతుకు వచ్చినప్పుడల్లా పొట్టను కాపాడుకున్నట్టే దాన్నీ కాపాడుకుంది. ఇల్లు చేరగానే లోపలికి వెళ్లి, చీరలు సంచిలో సర్దుకోవడం మొదలుపెట్టింది. సాయంత్రం దించొస్తానన్నవాడు ఆ మాట ఇంకా వెనక్కి తీసుకోలేదు కదా.

ఎల్లయ్య కొట్టం అరుగు మీద కూర్చుని మజ్జిగలో రొట్టె నానేస్తున్నాడు. చెంపలు లోపలికి పోయి, ఉన్న వయసు కంటే పదేళ్లు పెద్దగా కనిపిస్తాడు. పెళ్లాం, కొడుకు కలిసి తన వైపు రావడం చూసి చెయ్యి ఆపాడు. ఇద్దరూ కలిసి అటు వచ్చి ఎన్నాళ్లయిందో.

"బాపు," అన్నాడు దశరథ్. "అవ్వకు గర్మి ఎన్నడూ లేదట. ఇయ్యాల దవాఖానల తేలిందట."

ఎల్లయ్య చేతిలో రొట్టె ముక్క మజ్జిగలో పడింది. "లేదా?"

"లేదట. మరి నువ్వెందుకు ఒప్పుకున్నవ్? ఏడికన్న పోయినవా, లేదా? నిజం చెప్పు."

"గిప్పుడెందుకు రా గయ్యన్ని."

"గిప్పుడే కావాలె. నాకు కావాలె."

బర్రె తోక విసిరింది. ఎల్లయ్య దాన్ని అదిలించాడు. చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు, తుడుచుకున్న చేతినే మళ్లీ తుడుచుకున్నాడు.

"నేను ఏడికీ పోలే. గది నాకెరుక."

రుక్కమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. అరుగు మీద కూలబడి ఆయన మోకాలి మీద చెయ్యి వేయబోయింది. ఈలోగా దశరథ్ మళ్లీ అడిగాడు.

"మరి నాదే తప్పు అని ఎందుకన్నవ్?"

"రక్తంల ఉన్నదని రాసిండ్రు. ఇద్దర్ల ఒకరు తెచ్చిందే అని కాంపౌండర్ అన్నడు. నేను గాదంటే ఇగ మిగిలిందెవరు?" ఎల్లయ్య బర్రెతో చెబుతున్నట్టు చెప్పాడు. "మా అమ్మ సంగతి నీకెరుక లేదు. గా దినమే మీ అవ్వను ఇంట్లకెల్లి ఎల్లగొడ్తుండె. ఊరు ఉంచుతుండెనా? నాదే అంటే లొల్లి నా మీదికొస్తది, అయిపోతది. మగోన్ని ఎవరు ఎల్లగొడ్తరు?"

"మరి గా మందు?"

"మందు తింటేనే గద నమ్మేది ఎవరన్న."

రుక్కమ్మ చెయ్యి ఆయన మోకాలి దాకా వెళ్లి ఆగిపోయింది. ఆ మాటల్లో ఒకటి ఆమెకు ఆలస్యంగా అందింది.

"అంటే నన్ను అనుకున్నవా?"

ఎల్లయ్య తువ్వాలు కొస మడతపెట్టాడు.

"నిన్నే అడుగుతున్న. నేను ఏడికో పోయి తెచ్చిననుకున్నవా?"

"నేను అడగలే నిన్ను."

"అడగలే. గని అనుకున్నవ్."

"అనుకున్న," అన్నాడు ఎల్లయ్య. అబద్ధం చెప్పడం ఒక్కసారికే చాలనుకున్నాడేమో. "అయినా నువ్వు ఉంటే చాలనుకున్న, దశరథ్ అవ్వా."

రుక్కమ్మకు ఏడుపూ కోపమూ రెండూ ఒకేసారి వచ్చాయి. తన కోసం పళ్లు పోగొట్టుకున్నాడు ఈ మనిషి. ఇన్నేళ్లు కొట్టంలో పడుకున్నాడు. ఆ కొట్టంలో పడుకునే, ఎదురుగా వంట చేస్తున్న తనను చూస్తూ, ఇది ఎవడి దగ్గరికో పోయి వచ్చింది అనుకున్నాడు. మొక్కాలో తిట్టాలో ఆమెకు తెలియలేదు.

"గిప్పుడు నమ్మినవా?"

"డాక్టరమ్మ చెప్పిందంటున్నరు గద."

"డాక్టరమ్మ చెప్పకుంటే?"

ఎల్లయ్య కంచం వైపు చూశాడు.

వెనక నుంచి చప్పుడైతే ముగ్గురూ తిరిగి చూశారు. ఉమ గడప దాటి వాకిట్లోకి వచ్చింది. ఒక చేతిలో సంచి, ఒక చేతిలో తెల్ల డబ్బా. ఎప్పటి నుంచి వింటోందో ఏమో, మొహం పాలిపోయి ఉంది.

దశరథ్ నాలుగు అంగల్లో ఆమె దగ్గరికి వెళ్లాడు. "సంచి లోపల పెట్టు, ఉమ. బాపు చెప్పిండు, డాక్టరమ్మ చెప్పింది. అయిపాయె ఇగ."

"నేను చెప్పిననాడు నమ్మకపోతివి," అంది ఉమ.

"కోపంల ఏదో అన్న."

"కోపంల అంటే ఊకుందును, బావ. నిన్న మొత్తం నువ్వు ఏం అనలే. బిడ్డ నీది కాదా అని అత్తమ్మ అడిగితే గూడ ఏం అనలే."

ఆటో ఎక్కి కూర్చుంది. సంచి కాళ్ల దగ్గర, డబ్బా ఒళ్లో పెట్టుకుంది.

"నాగల్‌గిద్దల దించు."

"పిచ్చా నీకు? గక్కడ సూది ఎవరేస్తరు?"

"ఏసుకునుడు నేర్సుకున్న."

దశరథ్ తల్లి వైపు తిరిగాడు. పొద్దున డబ్బా దాచినవాడి గొంతులో ఇప్పుడు భయం వినబడింది. "అవ్వ, నువ్వన్న చెప్పు. నీ మాట ఇంటది."

రుక్కమ్మ అరుగు మీద నుంచి లేచింది. ఉమ వైపు వెళ్లకుండా ఇంట్లోకి వెళ్లింది. కొంతసేపు అల్మారా చప్పుడు వినిపించింది. ఒక చేతిసంచితో బయటికి వచ్చి, చెప్పులు తొడుక్కుని, వాపు కాలును చేత్తో ఎత్తి ఆటోలో పెట్టుకుంది.

"జరుగు, బిడ్డా."

ఉమ జరిగింది.

"నువ్వేడికి?" అన్నాడు దశరథ్.

"మా తమ్మునింటికి. గక్కడ సూది సూసుకునేటందుకు ఒక మనిషి కావాలె. మందు అయిపోకముందే నువ్వు ఖేడ్ల తీసుకొని తెచ్చియ్యాలె. ఆటో ఉన్నది గద నీకు."

"మరి బాపు? బర్రె పాలు?"

"మీరిద్దరున్నరు గద."

ఎల్లయ్య కొట్టంలోంచి వాకిట్లోకి వచ్చాడు. తువ్వాలు ఇంకా చేతిలోనే ఉంది. ఆటో దాకా వచ్చి, ఎప్పుడూ నిలబడనంత దగ్గరగా నిలబడ్డాడు.

"మల్ల వస్తవా?" అని అడిగాడు.

రుక్కమ్మ ఆయన మొహంలోకి చూసింది.

"ఇన్నేండ్లకు ఇయ్యాల అడుగుతున్నవ్," అంది.

తర్వాత ఆయన వైపు చూడలేదు. "నడువు రా, ఎండ వడుతుంది. కడుపుతోని ఉన్న పిల్ల," అంది కొడుకుతో.

దశరథ్ ముందు సీట్లో కూర్చున్నాడు. పొద్దున తుడిచి తుడిచి పెట్టిన అద్దంలో వెనక ఇద్దరు ఆడవాళ్లూ కనిపించారు. ఇద్దరిలో ఒక్కరూ అతని వైపు చూడటం లేదు. తాళం చెవి చేతిలోనే ఉంది. ఆటో ఇంకా కదల్లేదు.